దూలం కింది మట్టి

రెండో తొక్కుడు అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. మోకాళ్ల దాకా మట్టిలో నిలబడి బక్కయ్య కుడికాలు ఎత్తి వేస్తున్నాడు, మడమతో నొక్కుతున్నాడు, పాదాన్ని పక్కకు తిప్పి లాగుతున్నాడు. తర్వాత ఎడమకాలు. మూడు రోజులుగా నానిన ఎర్రమట్టి, అందులో జానెడు ముక్కలుగా నరికిన వరిగడ్డి. వేళ్లకు రాయి తగిలితే వంగి తీసి గట్టు మీద వేస్తున్నాడు. మట్టి పండిందో లేదో చేతికంటే మడమకే ముందు తెలుస్తుంది. పండిన మట్టి కాలును పట్టుకుంటుంది గానీ అంటుకోదు.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి. మోకాళ్ల కింద వెంట్రుక ఒక్కటి లేదు. మడమల పగుళ్లలో ఒక గీత ఎర్రగా, ఒక గీత నల్లగా, ఏ ఊళ్లో తొక్కిన మట్టి ఆ గీతలో మిగిలిపోయినట్టు ఉంటుంది. కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. దొర గడిలో మిలిట్రీ క్యాంపు పెట్టిన కొత్తలో అక్కడ తిన్న దెబ్బలవి. ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. గోడలు పెట్టేవాడికి చెయ్యి లేవకపోతే ఎట్లా అని అడిగినవాళ్లకు బక్కయ్య ఒక చెక్కమొద్దు చూపిస్తాడు. దాని మీద ఎక్కి నిలబడితే గోడే కిందికి వస్తుంది.

ఈ మట్టి బక్కయ్య ఇంటికి కాదు. తోడల్లుడు భద్రయ్య ఇంటికి. రేపు దూలాలు ఎక్కించాక వాటి చుట్టూ నింపడానికి.

తల ఎత్తితే ఆ ఇల్లు కనిపిస్తుంది. ఎత్తకపోయినా కనిపిస్తుంది. ఒక్కో వరుస మూరెడు చొప్పున ఆరు వరుసల గోడ, దారం పట్టి గీసినట్టు నిలబడింది. రెండర్రలు, ముందు నీడకు సాయబాను, దారివైపు రెండు కిటికీలు. రెండు! దానికి పది అడుగుల తూర్పున ఇంకొక గోడ ఉంది. అది మూడు వరుసల దగ్గర, మనిషి ఛాతీ ఎత్తున ఆగిపోయింది. వానకు కరగకుండా దాని తల మీద తాటాకులు కప్పి రాళ్లు పెట్టారు. అది బక్కయ్య ఇల్లు. రెండున్నరేళ్లుగా అంతే ఉంది.

రెండు ఇళ్ల మట్టినీ తొక్కినవి ఇవే కాళ్లు. ఒకటి లేచింది, ఒకటి లేవలేదు.

ఈ జాగా అంతా ఒకప్పుడు దొర కళ్లం. దొర పట్నం పారిపోయిన రోజుల్లో, అతని మీద తిరగబడ్డ సంగం వాళ్లు పగ్గం పట్టి కొలిచి, ఇల్లు లేని పదహారు కుటుంబాలకు పంచారు. బక్కయ్యకు ఇరవై గజాల వెడల్పు వచ్చింది. అంతకుముందు ముప్పై ఏళ్లు అతను, పెళ్లయిన తర్వాత ఓదెమ్మ, దొర పశువుల దొడ్డి పక్కన గడ్డి కొట్టంలో ఉన్నారు. దానికి తలుపు లేదు, తడక ఉంది. కడప లేదు. శుక్రవారం నాడు ఊళ్లో ఆడవాళ్లు కడపకు పసుపు రాస్తుంటే ఓదెమ్మ తడక ముందు ఒక పలకరాయి వేసి దానికి రాసేది. మొగుళ్లపల్లికి ఇచ్చిన కూతురు ఏడాదికొకసారి వచ్చేది. అల్లుడు మాత్రం పొద్దు ఉండగానే వెళ్లిపోయేవాడు. పడుకోవడానికి చోటేదీ?

జాగా కొలిచి ఇచ్చిన నాడు బక్కయ్య గంపెడు బూడిద తెచ్చి నేల మీద గీతలు పోశాడు. ఇది వంట అర్ర, ఇది పడక అర్ర, ఇక్కడ అల్లుడికి మంచం. ఓదెమ్మ ఆ గీతలను ఎక్కడా దాటలేదు. చుట్టూ తిరిగి వచ్చి, వాకిలి ఉండాల్సిన చోట కొంచెం ఆగి, అక్కడి నుంచే లోపలికి వచ్చింది.

తర్వాత పోలీసు యాక్షన్ అయింది. మిలిట్రీ వెంబడి దొర తిరిగి వచ్చాడు. సంగం చిట్టాలో పేరున్న మగవాళ్లను గడి ముందు వరసగా కూర్చోబెట్టారు. అప్పటికే గోడ పెట్టినంత మేర ఎందుకో వదిలేశారు గానీ, ఖాళీగా ఉన్న జాగాలన్నిటినీ పట్వారీ చేత కాగితం రాయించి అమ్మేశారు. బక్కయ్య జాగాలో పడమటి సగం ఖాళీగా ఉంది. దాన్ని భద్రయ్య కొన్నాడు.

భద్రయ్యది రఘునాథపల్లి స్టేషను దగ్గర రైలు పట్టాల పని. నెల జీతం, ఖాకీ చొక్కా, మెడలో విజిల్. సంగం పిలిచినప్పుడు రానన్లేదు, వస్తానన్లేదు. "డ్యూటీ ఉన్నది" అనేవాడు. రజాకార్లు వచ్చిన నాడూ డ్యూటీకి పోయాడు, మిలిట్రీ వచ్చిన నాడూ డ్యూటీకి పోయాడు. కాగితం చేతికి వచ్చాక అతనే బక్కయ్య దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నేను కొనకుంటే వేరేటోడు కొంటుండె గదనే అన్నా. మనోళ్లల్లనే ఉన్నది."

అది నిజం. నిజం కావడమే బక్కయ్యకు ఎక్కువ మండింది.

భద్రయ్యకు జీతం మీద అప్పు పుట్టింది. బక్కయ్య జనగామ పోయి చందూలాల్ సేటును అడిగాడు. సేటు మంచివాడే, మంచినీళ్లు ఇప్పించాడు. "జాగ కాగితం ఏది?" అన్నాడు. "సంగమోళ్లు ఇచ్చిండ్రు సేటూ." సేటు తలుపు వైపు చూసి, "ఆ మాట మళ్ల బయట అనకు" అని పంపించేశాడు. ఇక మిగిలింది ఒక్క దారి. భద్రయ్య ఇంటి గోడలు పెట్టాలి. అందుకు కూలి బదులు మూడు తాటి దూలాలు, వెయ్యి గూన పెంకలు. బక్కయ్య ఇంటి కప్పు భద్రయ్య గోడల్లోంచి రావాలి.

అతను తన ఇంటిని మనసులో కుదించుకున్నాడు. ఆరు వరుసలు వద్దు, నాలుగు చాలు. ఇంకొక్క వరుస ఈ రోహిణి ఎండలోనే పెట్టి, మిరుగం వానలకు ముందు పెంక కప్పేస్తే, వంగి లోపలికి పోవాల్సి వచ్చినా సరే, అది ఇల్లే. ఓదెమ్మకు కడప వస్తుంది. పన్నెండు రోజులుంది.

"బావా, చాయ్."

మరదలు బాలనర్సమ్మ గట్టు మీద ఇత్తడి గ్లాసు పెట్టింది. తొమ్మిదేళ్ల తర్వాత కడుపు పండింది, ఆరో నెల. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని గోడలను చూస్తోంది. ఊళ్లో చాయ్ కాచే ఇళ్లు నాలుగు. అందులో ఇదొకటి.

"గీ కిటికీ జర చిన్నగైనట్టు లేదే బావా? టేసన్ల అసొంటిది పెట్టుమని మా ఆయన అన్నడు."

"టేసన్ కిటికీల టికెట్లు అమ్ముతరు. నువ్వేం అమ్ముతవే?"

ఆమె పకపకా నవ్వింది. ఆమెకు ఏ మాటైనా నవ్వే. తొమ్మిది రోజుల కింద కూడా అట్లాగే నవ్వుతూ అన్నది: "అక్కా, మీ గోడను గట్లనే ఉంచుండ్రి. మా బర్రెను కట్టేస్తం, నీడకుంటది." భద్రయ్య నవ్వాడు. దారిన పోయేవాళ్లు నవ్వారు. ఓదెమ్మ కూడా నవ్వింది. బక్కయ్య నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం అతను గంప, పార తీసుకుని వాగు ఒడ్డుకు పోయాడు. అక్కడ ఒకచోట నేల తెల్లగా ఉప్పు పూస్తుంది. చౌడు. గోడలు పెట్టేవాళ్లు దాన్ని ముట్టరు. ఎండలో రాయిలా ఉంటుంది. నాలుగు వానలు తాగితే పిండిలా రాలుతుంది. పది గంపలు తెచ్చాడు. పడమటి గోడ ఆరో వరుసలో, నడిమి దూలం కూర్చోవాల్సిన చోట, రెండు మూరల మేర ఆ మట్టే పెట్టాడు. పైన, పక్కల మంచి మట్టి పూసి చేత్తో నున్నగా దిద్దాడు. ఏ కంటికీ తెలియదు. ఒక ఏడో రెండేళ్లో గడిచాక దూలం ఒకవైపు కుంగుతుంది. పెంకలు జారతాయి. అప్పుడు ఎవరు నవ్వుతారో చూడాలనుకున్నాడు.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. తర్వాత ఒక్క రాత్రి కూడా పట్టలేదు.

చాయ్ తియ్యగా ఉంది. అడుగున చక్కెర కూడా మిగిలింది. గ్లాసు కడిగి బోర్లించి, కాళ్లు కడుక్కుని, క్యాంపుకు బయల్దేరాడు. ఇవ్వాళ బుధవారం. చిట్టాలో పేరున్నవాళ్లు వారానికొకసారి గడికి పోయి వేలిముద్ర వేయాలి.

క్యాంపులో జమేదారు, చిట్టా ఉన్న పెట్టె తాళంచెవి దొరకలేదన్నాడు. పదకొండు మందిని ప్రహరీ లోపల ఎండలో నిలబెట్టారు. అటుగా పట్టాల పనికి పోతున్న భద్రయ్య సైకిలు గంట వినిపించింది. పహరా సిపాయి అతన్ని ఆపలేదు, చెయ్యి ఊపాడు. బక్కయ్య తల తిప్పి గోడను చూస్తూ నిలబడ్డాడు.

ఆ ప్రహరీ అతని నాయిన పెట్టింది. వెట్టి పని. బక్కయ్యకు అప్పుడు పన్నెండేళ్లు, గంపలు మోశాడు. కూలి లేదు, మూడు నెలలు పొద్దున జొన్న గటక, రాత్రి జొన్న గటక. ఒక వరుస వంకర వచ్చిందని నాయినను దొర మనిషి చెప్పుతో కొట్టాడు. నాయిన ఆ వరుస తీసేసి మళ్లీ పెట్టాడు. ముప్పై ఆరేళ్లయింది. ఎక్కడా పగులు లేదు. బక్కయ్య ఈ గోడను వందసార్లు చూశాడు గానీ ఇందులో ఏ మట్టి ఉందో ఆలోచించలేదు. మంచి మట్టే ఉంది. నాయినకు కడుపు మండలేదా? వాగు ఒడ్డు ఆయనకు తెలియదా? తన్నినవాడికి ఆయన ఇట్లాంటి గోడ పెట్టి పోయాడు. చాయ్ ఇచ్చినదానికి నేను అట్లాంటి గోడ పెట్టాను.

పోయిన నాయిన మీద కూడా అతనికి ఓర్వలేనితనం పుట్టింది.

పాలకుర్తి శివుడి గుట్ట వైపు తిరిగి మనసులోనే దండం పెట్టుకున్నాడు. సోమన్నా, నీకు గుట్ట ఉన్నది, గుట్టలో గుహ ఉన్నది. పక్క గుహలో నరసింహస్వామి ఉన్నాడు. మీ ఇద్దరికీ ఎప్పుడన్నా ఒకరి ఇల్లు చూసి ఒకరికి మండిందా? మండకపోతే ఎట్లా మండలేదో నాకు జర చెప్పు. దేవుడు చెప్పలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చాక తాళంచెవి జమేదారు జేబులోనే దొరికింది.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు బండి ఆగి ఉంది. వడ్రంగం చేసే వడ్ల సదానందం దూలాలు దింపిస్తున్నాడు. భద్రయ్య పని మధ్యలో అన్నం తినడానికి వచ్చి, ఖాకీ చొక్కాతోనే దూలానికి చెయ్యి వేశాడు.

"బక్కన్నా, నడిమి దూలానికి జాగ కోసి పెట్టు" అన్నాడు సదానందం. "పొద్దుగూకకముందు వచ్చి చూసిపోత. పొద్దుగాల ఏడింటికే ముహూర్తం. ఏడు దాటితే మళ్ల నెల దాక మంచిదినం లేదట, అయ్యగారు చెప్పిండు."

"గీ నడిమిదానికి ఈ కొక్కెం దిగగొట్టాలె సదానందం." భద్రయ్య సంచిలోంచి బొటనవేలంత లావు ఇనుప కొక్కెం తీశాడు. "తొట్టెలకు."

"అయ్యో, ఇప్పటి సందేనా!" బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రైలు కొక్కెమే ఇది. ఇంజను గుంజినా ఊడది."

"కొక్కెం ఊడకుంటే సాలదు భద్రయ్యా, నీ కొడుకు ఊడిపడకుండ చూసుకో" అన్నాడు సదానందం. అందరూ నవ్వారు.

బక్కయ్య కొక్కెం చేతిలోకి తీసుకుని చూశాడు. నల్లగా, నూనె వాసనతో, బరువుగా ఉంది. "ఏ దూలానికి?" అని అడిగాడు, విన్నదే మళ్లీ.

"నడిమిదానికే అన్నా. పడమటి గాలి తగులుతది."

భద్రయ్య అన్నం తిని డ్యూటీకి పోయాడు. బాలనర్సమ్మ తలనొప్పిగా ఉందని ఊళ్లోని కిరాయి ఇంటికి పోయి పడుకుంది. బండి వెళ్లిపోయింది. ఎండకు కాకి కూడా లేదు.

బక్కయ్య మొద్దు వేసుకుని గోడ ఎక్కాడు. గడ్డపారతో రెండు దెబ్బలు వేస్తే పైపూత లేచింది. కింద తెల్లటి పలుకు. వేళ్లతో గీకితే రాలింది. రెండు మూరల పొడవు, మూరెడు లోతు తవ్వి కిందికి తోసేశాడు. తవ్వడం తేలికే. నింపడమే ఎట్లా? గుంతలో పండిన మట్టి ఉంది. కానీ పచ్చి వరుస గట్టిపడాలంటే పది రోజులు ఎండాలి. రేపు పొద్దున ఏడింటికి దూలం ఎక్కుతుంది. పచ్చిమట్టి మీద దూలం పెడితే చౌడు రెండేళ్లలో చేసే పని అది రెండు గంటల్లో చేస్తుంది. ముహూర్తం ఆపుమంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే ఈ ఊళ్లో ఇంకెవరూ గోడకు పిలవరు. మూడు దూలాలూ పోతాయి, వెయ్యి పెంకలూ పోతాయి.

కావాల్సింది ఎండి, మాగి, వానలు చూసిన గట్టి పెళ్ల. అట్లాంటిది ఈ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది.

చాలాసేపు గోడ మీదే కూర్చున్నాడు. అక్కడి నుంచి తన ఇల్లు కింద కనిపిస్తోంది. ఎవరి ఇంటి పైనుంచీ తన ఇంటిని అట్లా చూడలేదు ఎప్పుడూ. చిన్నగా ఉంది. బర్రెను కట్టేసుకోవచ్చు, నిజమే.

దిగి, తన గోడ మీది తాటాకులు తీశాడు.

రెండో పెళ్ల కోస్తుండగా ఓదెమ్మ వచ్చింది. నెత్తి మీద నీళ్లకుండ. కుండ దింపకుండానే నిలబడిపోయింది.

"ఏంది, మన గోడ కూలగొడుతున్నవ్?"

"ఎండిన పెళ్ల గావాలె. పచ్చిది రేపటికి ఆగది."

"ఎందుకు గావాలె?"

"ఆ గోడల చెదలు పట్టినయి."

ఆమె కుండ దింపింది. అటు గోడ కింద కుప్పగా పడి ఉన్న తెల్లటి మట్టిని చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"చౌడుకు చెదలు పట్టయి" అన్నది.

గడ్డపార బక్కయ్య చేతిలో ఆగింది.

"నీకు ఎరుకేనా?"

"గోడ మీదికి గంప ఎత్తింది నేను గాదా? నాకు కండ్లు లేవా?"

"మరి అప్పుడేమనలే."

"ఏమంట?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "నాకూ కడుపు మండింది. బర్రెను కట్టేస్తం అన్నది. నేను సంకల ఎత్తుకొని పెంచిన చెల్లె. అది నీళ్లోసుకున్నదని కూడ ఎరుకే. ఎరుక ఉండి పది గంపలు ఎత్తిన. ఒక్కటి గాదు, పది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో వాళ్లు చాలా పంచుకున్నారు: గటక, జ్వరాలు, క్యాంపు నుంచి వచ్చిన రాత్రి పసుపు కాపడం. ఇది కూడా పంచుకున్నారని ఇన్ని రోజులు ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒకే గంపకు ఆమె ఒకవైపు, అతను ఒకవైపు పట్టి ఎత్తారు. పాపం కూడా అట్లాగే సగం సగం అవుతుందా, లేక ఇద్దరికీ నిండుగానే ఉంటుందా? బక్కయ్యకు తెలియలేదు.

"ఈ ఏడు మనకు కప్పు పడది" అన్నాడు.

"ఎరుకే." ఆమె ముందుకు వచ్చింది. "గడ్డపార నాకియ్యి. నీ చెయ్యి లేవది."

తమ గోడను ఆమే కోసింది. రెండు దెబ్బలకొక పెళ్ల ఊడింది. సగం పెళ్లలు పగిలి ముక్కలయ్యాయి. ముక్కలు పనికిరావు. రెండు మూరల గుంత నింపడానికి నాలుగు మూరల గోడ పోయింది. ఒక్కో పెళ్లను ఆమె గంపలో పెట్టి అందిస్తే, బక్కయ్య మొద్దు మీద నిలబడి ఎడమచేత్తో అందుకుని, పలుచటి మట్టి పూసి, పెళ్లకు పెళ్ల ఒరిపించి కూర్చోబెట్టాడు. సందుల్లో పెంకు ముక్కలు దిగగొట్టాడు. మీద నిలబడి మడమతో తొక్కి చూశాడు. మధ్యలో ఒకసారి కళ్ల ముందు గోడ రెండుగా కనిపించింది. చెమట పట్టడం ఎప్పుడో ఆగిపోయింది. ఒళ్లు పొయ్యిమీది పెంకులా ఎండి ఉంది. ఓదెమ్మ నీళ్లు ఇస్తే రెండు గుక్కలు తాగి, మిగిలినవి మట్టిలో పోశాడు.

"అన్నం తిందువు రా."

"ఆకలి లేదు. అయిపోనీ."

భద్రయ్య వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. దూలానికి జాగా కోసి, తాడు పట్టి, సరిచూసి ఉంది. అతను సైకిలు దిగి పడమటి గోడను చూశాడు. తర్వాత తూర్పున కోసిన గోడను చూశాడు.

"ఏమైందే అన్నా?"

"దూలం కింద మట్టి బాగ లేదు. తీసి ఏసిన."

"నీ గోడ కోసి నా గోడల ఏసినవా?"

"ఎండిన పెళ్ల గావాలె గద."

"దానికి ఎంతియ్యమంటవ్ చెప్పు."

"ఏమద్దు. ఆ మట్టి నేను పెట్టిందే."

భద్రయ్య మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. కాలితో నేల గీకాడు. "ఒక మాట చెప్త, నవ్వకు. ఈ ఇంటికి పైసలు నాయి. అప్పు నాది, పదేండ్లు కట్టాలె. ఎవడు వచ్చినా గోడ దిక్కు చూసి, బక్కయ్య పెట్టిండా అంటడు. ఒక్కడు నా పేరు అనడు. ఊళ్లె నడుస్తుంటే నీకు తువ్వాల తీసి దండం పెడుతరు, నన్ను చూసి పక్కకు జరుగుతరు, నేనేదో క్యాంపోనిలెక్క. నిన్ను చూస్తే నాకు ఎప్పుడూ కుళ్లేనే అన్నా."

బక్కయ్య అతని వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ రోజు మొదటిసారి, తొమ్మిది రోజుల్లో మొదటిసారి. నవ్వు ఆగలేదు, భుజాలు కదిలేదాకా, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నన్ను చూసా? నన్ను చూసి నీకు కుళ్లా?"

"నవ్వకు అన్నగద!" అంటూ భద్రయ్య కూడా నవ్వాడు.

అప్పుడే బాలనర్సమ్మ వచ్చింది. చేతిలో తమలపాకుల మీద ఒక కొత్త రుమాలు. గోడ తల సరిచేసిన నాడు ఇంటామె గోడ పెట్టినవాడికి తలకు రుమాలు పెట్టాలి. అతను అది చుట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగాలి. ఊరి ఆచారం అది. బక్కయ్య ఎన్నో ఇళ్లు అట్లా తిరిగాడు. ఇది ఎర్ర అంచు తెల్ల రుమాలు, జనగామ అంగడిలో కొన్నది. గంజి వాసన పోలేదు.

"చేతులు మట్టిగున్నయే పిల్లా. కడుక్కొని చుట్టుకుంట. ఆ గోడ మీద పెట్టు."

ఆమె దాన్ని తీసుకెళ్లి కోసిన గోడ మీద, ఆ లోతైన చోట పెట్టింది. ఎందుకు కోశారని అడగబోయింది. ఓదెమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఎండల తిరగకే. పోయి నడుం వాల్చు" అన్నది.

బక్కయ్య తన గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. కాళ్లు బార్లా చాపాడు. గోడ ఎండకు వేడెక్కి ఉంది గానీ నీడ అటే పడింది. ఓదెమ్మ బిందెతో బావికి పోయింది. పోతూ ఒకసారి తిరిగి చూస్తే అతను కళ్లు మూసుకుని, ఎడమచేత్తో పక్కనున్న మట్టిముద్దను పిసుకుతున్నాడు.

సదానందం అన్నమాట ప్రకారం పొద్దుగూకకముందే వచ్చాడు. పైకెక్కి, కోసిన జాగాలో చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. పిడికిలితో గుద్దాడు. "మస్తుగున్నది భద్రయ్యా. ఏనుగును ఎక్కించినా ఆగుతది" అన్నాడు. "బక్కన్న నిద్రపోయినట్టున్నడు. లేపకు. పొద్దుగాల చెప్త."

ఓదెమ్మ నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. చెంబు ముంచింది.

"చేతులు పట్టు. ఇగో, నేను ఆలోచన చేసిన. వానలల్ల నాలుగు తాటాకులు ఎక్కువ కప్పుదాం. దసర అయినంక మట్టి నానబెడుదాం. ఈసారి ఎర్రమట్టి నేనే ఏరి తెస్త. బిడ్డకు కబురు పెట్టిస్త, వచ్చే ఎండకాలం అల్లుడు వచ్చి నాలుగు రోజులు ఉండాలె అని." చెంబు వంచింది. నీళ్లు అతని వేళ్ల మీద పడ్డాయి. మట్టి ఎర్రగా కరిగి కిందికి జారింది. వేళ్లు నీళ్లను పట్టలేదు. ఆమె ఇంకొంచెం పోసింది. ఇంకొంచెం. గోళ్లలో మట్టి పోయేదాకా, అరచేతి గీతలు కనిపించేదాకా పోస్తూనే ఉంది. తర్వాత చెంబు నేల మీద పెట్టి, అతని ముక్కు కింద వేలు ఆనించి చూసి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఎవరినీ పిలవకుండా అట్లాగే కూర్చుంది.

పైన, కోసిన గోడ మీద, ఎర్ర అంచు రుమాలు మడత విప్పకుండానే ఉంది. పడమటి గాలికి దాని ఒక కొస లేచింది, కొద్దిసేపు ఆడింది, మళ్లీ మట్టి మీద ఆనింది.